క్యాసెట్లు వందలు, కమాండ్ ఒక్కటి: ఆడియో ఫైళ్లను గుంపుగా సర్దడం వెనక సంగతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత ఇల్లు ఏది వెతికినా అటక మీద క్యాసెట్ల పెట్టె ఒకటి దొరుకుతుంది. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ, రేకు తప్పెటలు కొడుతూ ఆడే తప్పెటగుళ్లు, రామమందిరం దగ్గర వేసిన నాటకం, హరికథ, ఎవరి పెళ్లిలోనో వాయించిన సన్నాయి. టేప్‌రికార్డర్ ఉన్నవాళ్లు మైకుసెట్టు పక్కన చోటు సంపాదించి చేసుకున్న రికార్డింగులివి. దుకాణాల్లో అమ్మినవి కావు కాబట్టి రెండో కాపీ ఇంకెక్కడా ఉండదు. ఇప్పుడు పిల్లలు, మనవలు వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఎక్కించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఓపిక చాలు. గంట క్యాసెట్టుకి గంట పడుతుంది, అడ్డదారి లేదు. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది.

ఎక్కించడం అయ్యేసరికి ఫోల్డర్లో కొన్ని వందల ఫైళ్లు పేరుకుంటాయి. కొన్ని వేవ్ ఫైళ్లు, కొన్ని ఎవరో ముందే చేసి పంపిన ఎంపీ3లు, కొన్ని పాత కీప్యాడ్ ఫోన్లో పట్టిన ఏఎంఆర్‌లు, కొన్ని వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ నోట్లు. ఒకటి గుసగుసలాడినట్టు ఉంటుంది, ఇంకోటి చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్లో ఒక్కో ఫైలూ తెరిచి, మౌసుతో గీసి, సేవ్ చేసుకుంటూ పోతే మొదటి పది ఫైళ్లూ సరదాగానే ఉంటాయి. ముప్పై దాటాక ఏ ఫైలుకి ఏ సెట్టింగు పెట్టామో గుర్తుండదు. వంద దగ్గర పని ఆగిపోతుంది. ఇలా సగంలో ఆగిపోయిన ఫోల్డర్లు చాలా ఇళ్లల్లో ఉన్నాయి.

కమాండ్ లైను పనికొచ్చేది ఇక్కడే. నల్ల తెర మీద ఒక వాక్యం రాస్తే వందల ఫైళ్ల మీద అదే పని జరుగుతుంది. ఆ వాక్యం ఎలా రాయాలో చెప్పే పాఠాలు నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి, కాబట్టి అక్షరం అక్షరం ఇక్కడ రాయను. వాటిలో కనబడనిది ఇంకోటుంది. ఏ పని అన్ని ఫైళ్లకూ ఒకటే, ఏ పని ఫైలు ఫైలుకీ వేరు అన్నది విడదీయడం. గుంపుగా చేసే పనిలో కష్టమంతా అదే. దాన్ని తేల్చకుండా ఎంటర్ నొక్కితే, ఒక్క ఫైల్లో జరిగే తప్పు నిమిషాల్లో వందల ఫైళ్లలో జరిగిపోతుంది.

లోపల జరిగేది

ఈ పనికి ఎక్కువమంది వాడేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టాడు. ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం, మనకు తెలియకుండానే రోజూ వాడే వీడియో యాప్‌లు, వెబ్‌సైట్లు ఎన్నో దీని మీద నడుస్తున్నాయి. దానికంటే పాతది సాక్స్, 1991 నుంచి ఉంది. సాక్స్ ఆడియోకే పరిమితం, దాని భాష కాస్త తేలిక. రెండూ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తాయి. ఒకటే నేర్చుకునే ఓపిక ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ నేర్చుకోండి, ఎందుకంటే అది తెరవలేని ఫైలు దొరకడం కష్టం.

ఏ ఫైలుకైనా జరిగే ప్రయాణం ఒకటే. ముందు ఫైలు విప్పి లోపలున్న శబ్దాన్ని అంకెల వరుసగా మారుస్తుంది. ఆ అంకెల మీద మనం అడిగిన మార్పులు చేస్తుంది. మళ్లీ కావలసిన రూపంలో మూటగట్టి కొత్త పేరుతో రాస్తుంది. ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది: ఫైలు పేరు చివర ఉన్న తోకను బట్టి లోపల ఏముందో చెప్పలేం. హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉన్నట్టే. ఎంపీ4 అని ఉన్న ఫైల్లో ఏఏసీ ఉండొచ్చు, ఓగ్ ఫైల్లో ఓపస్ ఉండొచ్చు, వోర్బిస్ ఉండొచ్చు. తోక మార్చి కొత్త పేరు పెట్టినంత మాత్రాన లోపలిది మారదు. అసలు ఏముందో చెప్పడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అని చిన్న పనిముట్టు వస్తుంది. ఏ మార్పూ చేయకముందు ఫోల్డర్ మొత్తాన్నీ దానితో చదివించి, ఏ ఫైలు ఏ రకం, ఎంత నిడివి, సెకనుకు ఎన్ని శాంపిళ్లు (అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు), ఒక చానలా రెండా అని ఒక పట్టిక తయారు చేసుకోవాలి. ఆ పట్టిక తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది.

గుంపుగా చేయించే భాగం షెల్ చూసుకుంటుంది, అంటే మనం కమాండ్ టైపు చేసే ఆ నల్ల తెర ప్రోగ్రాం. దానికి మనం చెప్పేది ఇదీ: ఈ ఫోల్డర్లో వేవ్ తోక ఉన్న ప్రతి ఫైలునూ తీసుకో, పేరు చివర తోక తీసేసి ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే రూపం) అని పెట్టు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి పాత పేరూ కొత్త పేరూ ఇవ్వు, అయ్యాక తర్వాతదానికి వెళ్లు. నాలుగు లైన్లకు మించదు. కానీ ఆ నాలుగు లైన్లలోనే గోతులు చాలా ఉన్నాయి.

మొదటిది, ఫైలు పేర్లలో ఖాళీలు. 'జాతర రెండో రోజు' అని పేరుంటే షెల్ దాన్ని మూడు ఫైళ్లనుకుంటుంది. పేరును కొటేషన్లలో పెట్టాలి. రెండోది వరుస: 10వ నంబరు ఫైలు 2వ దాని కంటే ముందొస్తుంది, ఎందుకంటే యంత్రం అంకెను చూడదు, అక్షరాన్ని చూస్తుంది. 002, 010 అని సున్నాలు చేర్చి రాస్తే సరిపోతుంది.

మూడోది విచిత్రమైనది. ఫైళ్ల జాబితాను ఒక్కో లైనూ చదివించి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని పిలిచే స్క్రిప్టు (కమాండ్లన్నీ వరుసగా రాసిపెట్టుకున్న ఫైలు) రాస్తే, మొదటి ఫైలు చక్కగా అవుతుంది. రెండో ఫైలు 'దొరకలేదు' అంటుంది. చూస్తే ఆ పేరులో మొదటి అక్షరాలు కొన్ని మాయమై ఉంటాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పనిచేస్తున్నంతసేపూ కీబోర్డు మీద ఎవరైనా ఏదైనా నొక్కుతారేమోనని ఎదురు చూస్తుంది ('క్యూ' నొక్కితే ఆగిపోవడం అందుకే). స్క్రిప్టు చదవాల్సిన జాబితాను అది కీబోర్డు నొక్కులనుకుని మింగేస్తుంది. 'నోఎస్‌టీడిన్' అనే ఆప్షన్ ఒకటి చేర్చితే ఆ ఎదురుచూపు మానేస్తుంది. ఈ ఒక్క పదం తెలియక ఎన్నో సాయంత్రాలు వృథా అవుతాయి.

పైడితల్లి ఫైలు ఎందుకు దొరకదు

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. విజయనగరం సిరిమానోత్సవం రికార్డింగుకి 'పైడితల్లి' అని పేరు పెట్టారనుకుందాం. ఆ ఐత్వాన్ని, కంప్యూటర్లు అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతి అయిన యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: మొత్తం ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు, దాని కింద వచ్చే మరో గుర్తు కలిపి రెండుగా. తెర మీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. మన కీబోర్డులు మొదటి రకం రాస్తాయి. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పాత మ్యాక్ డిస్కులు మాత్రం పేరును విడదీసి రెండో రకంగా దాచుకుంటాయి. హైదరాబాదులో ఉన్న మనవడు మ్యాక్ నుంచి పంపిన 'పైడితల్లి', విజయనగరంలో విండోస్ మీద మీరు టైపు చేసిన 'పైడితల్లి' యంత్రం లెక్కలో రెండు వేర్వేరు పేర్లు. ఒకే ఫోల్డర్లో రెండూ పక్కపక్కనే కూచోగలవు కూడా. స్క్రిప్టు ఒకదాని కోసం వెతికి లేదంటుంది.

ఇలాంటిదే పొల్లు తర్వాత వచ్చే కనబడని గుర్తు. 'రికార్డింగ్‌లు' అని రాసినప్పుడు గకారానికి లకారం వత్తుగా అతుక్కోకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. పైగా విండోస్ పాత కమాండ్ ప్రాంప్టులో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి, తప్పెక్కడుందో కంటికి ఆనదు.

భాషాభిమానం ఎంత ఉన్నా ఇక్కడ నా మాట ఒకటే: ఫైలు పేరుకి అంకెలు, ఇంగ్లీషు చిన్నక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్, అంతే. క్యాసెట్ నంబరు, ఏ వైపు, అంతకు మించి వద్దు. కథ పేరు, పాడినవాళ్ల పేర్లు, ఊరు, సంవత్సరం అన్నీ తెలుగులోనే, నిండుగా, పట్టికలో రాయండి. తర్వాత ఆ పట్టికను చూసి స్క్రిప్టే ఒక్కో ఫైలు లోపలా ట్యాగులుగా (ప్లేయర్ తెర మీద చూపించే వివరాలుగా) ఎక్కిస్తుంది. ఫ్లాక్‌లో ట్యాగులు యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను రాసే పద్ధతి) ఉంటాయి కాబట్టి తెలుగు నిక్షేపంగా నిలుస్తుంది. ఎంపీ3లో మాత్రం ట్యాగు వెర్షన్ 2.3 అడిగి పెట్టించాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అడక్కపోతే 2.4 రాస్తుంది, పాత ప్లేయర్లు కొన్ని దాన్ని చదవలేవు.

దాచుకునే కాపీ, పంచుకునే కాపీ

రూపం విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. రెండు కాపీలు ఉండాలి. ఒకటి దాచుకోడానికి, దాన్ని ముట్టుకోకూడదు. రెండోది వినడానికి, పంచుకోడానికి, దాన్ని ఎన్నిసార్లయినా మళ్లీ తయారు చేసుకోవచ్చు.

దాచే కాపీ సెకనుకు 48,000 శాంపిళ్లు, 24 బిట్లు ఉంటే మంచిది. రెండు చానళ్లతో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. సీడీ స్థాయి, అంటే 44,100 శాంపిళ్లు, 16 బిట్లు అయితే గంటకు 635 ఎంబీ. దాన్ని ఫ్లాక్‌లోకి మారిస్తే ఒక్క అంకె కూడా పోకుండా సైజు తగ్గుతుంది. స్టూడియో పాటయితే సగానికి దగ్గరగా వస్తుంది. టేపు అయితే అంత తగ్గదు, ఎందుకంటే హిస్ అనేది ఏ క్రమమూ లేని రొద, దాన్ని కుదించడానికి పట్టు దొరకదు. ఫ్లాక్‌లో నాకు బాగా నచ్చేది ఇంకోటి: అసలు ఆడియో తాలూకు ఎండీ5 సంఖ్యను (ఆ అంకెలన్నిటి మీద లెక్కగట్టిన వేలిముద్ర లాంటిది) ఫైలు మొదట్లోనే రాసి పెట్టుకుంటుంది. పదేళ్ల తర్వాత హార్డ్‌డిస్క్ ఒక బిట్టు తప్పుగా చదివినా, పరీక్షించే కమాండ్ ఒక్కటి ఫోల్డర్ మొత్తం మీద నడిపితే ఏ ఫైలు పాడయిందో తెలిసిపోతుంది.

ఇక్కడ ఎఫ్ఎఫ్ఎంపెగ్ చడీచప్పుడు లేకుండా చేసే పని ఒకటి చెప్పాలి. 24 బిట్ల వేవ్ ఇచ్చి, మధ్యలో ఏదో సరిచేయించి, మళ్లీ వేవ్‌గా రాయమంటే, కోడెక్ (శబ్దాన్ని మూటగట్టే పద్ధతి) పేరు విడిగా చెప్పకపోతే 16 బిట్లలో రాస్తుంది. హెచ్చరిక ఉండదు. వేవ్ అంటే దాని లెక్కలో 16 బిట్లే. ఎన్ని బిట్లు కావాలో ప్రతిసారీ చెప్పి తీరాలి.

ఎంపీ3, ఏఎంఆర్, ఓపస్ లాంటివి శబ్దంలో కొంత పారేసి కుదించే రూపాలు. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే ఇంకొంత పోతుంది. కాబట్టి ఎవరో పంపిన ఎంపీ3యే మన దగ్గర ఉన్న ఏకైక ప్రతి అయితే, దాన్ని ఉన్నదున్నట్టు దాచాలి. ముక్కలు చేయాల్సివస్తే 'కాపీ' అనే ఆప్షన్‌తో విప్పకుండానే కోయించాలి. పాత ఫోన్ల ఏఎంఆర్ సెకనుకు 8,000 శాంపిళ్లతో పట్టినది, 4 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం అందులో ఉండదు. దాన్ని 48,000కి పెంచితే ఫైలు లావెక్కుతుంది గానీ గజ్జెల చప్పుడు తిరిగి రాదు.

అన్నిటికీ ఒకటే కానివి

రూపం మార్చడం, పేరు పెట్టడం, ట్యాగులు ఎక్కించడం అన్ని ఫైళ్లకూ ఒకటే. యంత్రానికి వదిలేసి టీ తాగి రావొచ్చు. శబ్దాన్ని ముట్టుకునే పనులు అలా కావు.

గట్టిదనం తీసుకుందాం. అన్నీ ఒకే స్థాయిలో వినబడాలని అందరూ కోరుకుంటారు, అందుకు మొదట వాడేది పీక్ నార్మలైజేషన్. ఫైల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాన్ని గరిష్ఠానికి తెచ్చి, మిగతాదాన్ని అదే లెక్కన పెంచడం. తప్పెటగుళ్ల మీద దీన్ని ప్రయోగించి చూడండి. గుండె మీద కట్టుకున్న రేకు తప్పెట మీద పడిన ఒక్క దెబ్బ అప్పటికే శిఖరాన్ని తాకి ఉంటుంది. పాట ఎంత చిన్నగా వినబడుతున్నా యంత్రం 'పెంచడానికి చోటు లేదు' అంటుంది. ఎవరో మైకు తగిలించిన 'ఠప్' అన్న చప్పుడు ఒక్కటి చాలు, గంటసేపు పాడిన గొంతు అడుగునే ఉండిపోతుంది.

చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే పద్ధతి వేరు. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో ఆర్128 అనే సిఫార్సు తెచ్చింది. టీవీ, రేడియో ప్రసారాలకు లక్ష్యం, చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణంలో, మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్. ఫోన్లో వినే మాటలకు, కథలకు మైనస్ 16 దరిదాపుల్లో పెట్టుకుంటారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దీనికి లౌడ్‌నార్మ్ అనే ఫిల్టర్ ఉంది. రెండు విడతలుగా నడిపితేనే దాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు: మొదటి విడతలో ఫైలు మొత్తం విని కొలతలు చెబుతుంది, రెండో విడతలో ఆ కొలతలు దానికే అందిస్తే ఫైలంతటినీ ఒకే లెక్కన పెంచుతుంది. ఒక్క విడతలో కానిస్తే ముందేం వస్తుందో తెలియక, పోతూ పోతూ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మన టేపుల్లో ఆ జాడ్యం ముందే ఉంది. పాత టేప్‌రికార్డర్లలో శబ్దస్థాయిని దానంతట అదే సర్దే సర్క్యూట్ ఉండేది. తప్పెట దెబ్బ పడగానే మొత్తం కిందికి దిగి, గొంతు మెల్లగా పైకి లేస్తుంది. దాని మీద ఇంకోసారి అదే పని చేస్తే వినేవాడికి కళ్లు తిరుగుతాయి.

రెండు విడతలు పెట్టినా ఒక మెలిక మిగిలే ఉంటుంది. ఫైలు కొలత మైనస్ 27, శిఖరం మైనస్ 3 డెసిబెల్స్ అనుకోండి. మైనస్ 16కి తేవాలంటే 11 డెసిబెల్స్ పెంచాలి. అప్పుడు శిఖరం ప్లస్ 8 అవుతుంది, అది కుదరని పని. అలాంటప్పుడు లౌడ్‌నార్మ్ మనల్ని అడక్కుండానే ఆ పెంచే తగ్గించే పద్ధతికి మారిపోతుంది. చివర్లో ఇచ్చే రిపోర్టులో లీనియరా (ఒకే లెక్కన పెంచినది), డైనమిక్కా (పెంచుతూ తగ్గిస్తూ పోయినది) అని ఒక లైను ఉంటుంది. స్క్రిప్టు ఆ లైనును చదివి, డైనమిక్ అని వచ్చిన ఫైళ్ల పేర్లు విడిగా రాసిపెట్టాలి. మన దగ్గర జముకుల కథలు ఎక్కువగా గట్టెక్కుతాయి, తప్పెటగుళ్లే ఆ జాబితాలో చేరతాయి. వాటికి లక్ష్యాన్ని కాస్త తగ్గించుకోవడం మేలు. ఇంకో చిన్న సంగతి: ఆ డైనమిక్ పద్ధతిలో లౌడ్‌నార్మ్ లోపల సెకనుకు 1,92,000 శాంపిళ్లతో పనిచేస్తుంది. బయటికి 48,000లో రాయమని విడిగా చెప్పకపోతే ఫైలు అనవసరంగా ఉబ్బి కూచుంటుంది.

ఇక రొద. సాక్స్‌లో రొద తీయడం రెండు అంచెలు: పాట లేని చోట కాస్త హిస్ చూపించి 'ఇదీ రొద' అని నేర్పాలి, తర్వాత మొత్తం ఫైల్లోంచి దాన్ని తీసేయమనాలి. ఒక క్యాసెట్ నుంచి నేర్చుకున్నది ఇంకో క్యాసెట్‌కు పనికిరాదు. కంపెనీ వేరు, రికార్డర్ వేరు, వానల్లో తడిసిన చరిత్ర వేరు. ఒకే నమూనాతో వందల ఫైళ్లు తుడిపిస్తే గొంతులు నీళ్లలోంచి మాట్లాడినట్టు వస్తాయి. నన్నడిగితే హిస్‌ను చాలావరకు వదిలేయమంటాను. రెండు నిమిషాల్లో చెవి దాన్ని మర్చిపోతుంది.

కరెంటు గుంయ్ అలా కాదు, అది తలనొప్పి తెప్పిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ గుంయ్ 50, 100, 150ల దగ్గర ఉంటుంది. '100 కింద ఉన్నదంతా కోసెయ్' అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మాట్లాడే గొంతుకు పరవాలేదేమో గానీ జముకు మీద అది పనికిరాదు. తీగ బిగించి వదులుతుంటే ఆ చర్మం కింద నుంచి లేచే గుమ్మటంలో మోగినట్టుండే నాదమంతా అడుగు స్వరాల్లోనే ఉంటుంది. దాన్ని కోసేస్తే జముకు డబ్బా చప్పుడయిపోతుంది. సన్నగా ఆ గుంయ్ ఉన్న చోట్ల మాత్రమే గాటు పెట్టాలి.

ఆ గాటు ఎక్కడ పెట్టాలన్నది కూడా సులువు కాదు, ఎందుకంటే ఒకే ఫైల్లో రెండు గుంయ్‌లు ఉండొచ్చు. ఇప్పుడు మనం ఎక్కిస్తున్నప్పుడు చేరినది సరిగ్గా 50 దగ్గర ఉంటుంది. ఆనాడు మైకుసెట్టు నుంచి టేపులోకి చేరినది, టేపు వేగం తేడాగా ఉంటే, 52 దగ్గరో 48 దగ్గరో తేలుతుంది.

ఈ వేగం సంగతే అన్నిటికంటే ముఖ్యం. క్యాసెట్ సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. ఊళ్లో బ్యాటరీల మీద రికార్డు చేసినప్పుడు సెల్లులు నీరసిస్తే రికార్డర్ నెమ్మదిగా తిరుగుతుంది. ఆ టేపును ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే పాట పరుగెడుతుంది, గొంతు సన్నబడుతుంది. నరసన్నపేట వైపు ఒక జముకుల కథకుడికి ఆయన పాత రికార్డింగే ఫోన్లో వినిపిస్తే, తల అడ్డంగా ఊపి, "ఇది నా గొంతేటి బావూ? ఎవలో గుంటడు పాడినట్టుంది" అన్నాడు. పాడినది ఆయనే. టేపు నాలుగు శాతం వేగంగా నడుస్తోంది.

ఆ నాలుగు శాతాన్ని పట్టుకోడానికి గుంయ్ సాయం చేస్తుంది. రికార్డింగు లోపలి గుంయ్ 52 దగ్గర కనిపిస్తే, అసలు అది 50 కావాలి కాబట్టి, 48,000 శాంపిళ్ల ఫైలును 46,154 అని చెప్పి ఆడించాలి, తర్వాత మళ్లీ 48,000కి మార్చాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దీన్ని చేసేది ఏసెట్‌రేట్ అనే ఫిల్టర్. ఏటెంపో అని ఇంకోటుంది, దాన్ని వాడకూడదు: అది వేగాన్ని మార్చి శ్రుతిని అలాగే ఉంచుతుంది, మనకు రెండూ కలిసి మారాలి. ఆ రోజు మైకుసెట్టు జనరేటర్ మీద నడిచి ఉంటే ఆ 50ని నమ్మలేం. అప్పుడు హార్మోనియం శ్రుతి చూసుకోవాలి, అదీ లేకపోతే పాడినవాళ్లనో వాళ్లింట్లో వాళ్లనో పక్కన కూచోబెట్టుకోవాలి. బ్యాటరీ పోతూ పోతూ ఉన్న టేపయితే మొదట్లో ఒక వేగం, చివర్లో ఒక వేగం. దానికి ముక్కముక్కకీ వేరే సంఖ్య కావాలి. అందుకే వరుస కూడా తప్పకూడదు: ముందు ఇప్పటి గుంయ్ తీసెయ్యాలి, తర్వాత వేగం సరిచెయ్యాలి, ఆ తర్వాతే ఆనాటి గుంయ్, చివరగా గట్టిదనం.

చానళ్ల సంగతి కూడా ఇందులోదే. మోనో రికార్డర్లో పట్టిన టేపును స్టీరియో డెక్‌లో ఆడిస్తే రెండు చానళ్లొస్తాయి. రెండిటినీ కలిపి ఒకటి చేసేద్దాం అనిపిస్తుంది. ఆ రికార్డర్ హెడ్, ఈ డెక్ హెడ్ ఒకే కోణంలో లేకపోతే రెండు చానళ్ల మధ్య వెంట్రుకవాసి కాలభేదం ఉంటుంది. కలిపితే పైస్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని పాట మసకబారుతుంది. రెండిట్లో శుభ్రంగా ఉన్న ఒక్క చానల్నే తీసుకోవడం నయం. ఏది శుభ్రంగా ఉందో చెప్పేది చెవే.

మొదట్లో చెప్పిన పట్టిక ఇప్పుడు అక్కరకొస్తుంది. ఎక్సెల్లోనో లిబ్రే ఆఫీసులోనో ఒక్కో ఫైలుకీ ఒక్కో వరుస: ఏ చానల్, వేగం ఎంత, గుంయ్ ఎక్కడ, గట్టిదనం లక్ష్యం ఎంత, పాట ఎన్నో సెకనులో మొదలు, ఎన్నో సెకనులో చివర. దాన్ని సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే స్క్రిప్టు ఒక్కో వరుసా చదివి ఆ ఫైలుకి ఆ సంఖ్యలతో కమాండ్ తయారు చేసుకుంటుంది. వినడం మనిషి వంతు, ఒక్కో టేపు నుంచి ఐదారు చోట్ల కాస్త కాస్త వింటే చాలు. మిగతా మోత యంత్రానిది. ఏడాది తర్వాత ఎవరైనా 'ఈ కథ వేగం తప్పు' అంటే పట్టికలో ఒక్క గడి మార్చి మళ్లీ నడిపిస్తే సరి. మౌసుతో చేసిన పనికి ఈ సౌకర్యం లేదు, ఏం చేశామో ఎక్కడా రాసి ఉండదు.

కరెంటు పోయినప్పుడు

స్క్రిప్టు నడిపే ముందు కమాండ్ మొదట్లో 'ఎకో' అన్న పదం చేర్చి ఒకసారి నడపండి. పని చేయకుండా, ఏం చేయబోతోందో మాత్రం లైన్లుగా చూపిస్తుంది. వందల లైన్లలో నాలుగైదు చదివినా పేర్ల తప్పులు బయటపడతాయి. తర్వాత మూడు ఫైళ్ల మీద నిజంగా నడపాలి, ఒకటి కథ, ఒకటి తప్పెట, ఒకటి అన్నిటికంటే అధ్వాన్నమైనది. ఫలితాలు ఎప్పుడూ వేరే ఫోల్డర్లోకే పోవాలి. ఫైలు అప్పటికే ఉంటే ముట్టుకోవద్దనే ఆప్షన్ పెడితే పాతవాటి మీద కొత్తవి పడవు.

కానీ అదే ఆప్షన్ కరెంటు పోయినప్పుడు మోసం చేస్తుంది. సగం రాసిన ఫైలు డిస్కు మీద మిగిలిపోతుంది. మళ్లీ నడిపితే 'ఇది అయిపోయింది' అనుకుని స్క్రిప్టు దాటేస్తుంది. మందు తేలికే: ముందు తాత్కాలిక పేరుతో రాయించి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తప్పు లేకుండా ముగిసిందని చెప్పాకే అసలు పేరు పెట్టించాలి. అప్పుడు అసలు పేరున్న ప్రతి ఫైలూ పూర్తయినదే. ఆపైన పాత ఫైలు నిడివినీ కొత్తదాని నిడివినీ ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో పోల్చి, మనం కోయమన్న దానికంటే, వేగం లెక్క కంటే తేడా వస్తే జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో రాయించాలి.

టేపు చివర పాట లేని భాగాన్ని యంత్రంతోనే పట్టించుకోవచ్చు, సైలెన్స్‌డిటెక్ట్ అనే ఫిల్టర్ ఉంది. దానికి చెప్పే హద్దులో మాత్రం జాగ్రత్త: టేపులో నిశ్శబ్దం అంటే సున్నా కాదు, హిస్. డిజిటల్ రికార్డింగులకు రాసిన మైనస్ 60 డెసిబెల్స్ సలహా ఇక్కడ పెడితే ఒక్క చోట కూడా నిశ్శబ్దం దొరకదు. హిస్ స్థాయి కొలిచి, దానికి కాస్త పైన హద్దు పెట్టాలి. దొరికిన చోట్లను వెంటనే కోయించకుండా పట్టికలోకి రాయించండి. కథకుడు ఆగి నీళ్లు తాగిన చోటు కూడా యంత్రానికి ముగింపులాగే కనబడుతుంది.

నాలుగు కోర్లున్న ప్రాసెసర్ మీద నాలుగు ఫైళ్లు ఒకేసారి నడిపించొచ్చు, ఆడియో మార్పిడి చాలావరకు ఒక కోరునే వాడుకుంటుంది. పాత యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీద నుంచి నడిపిస్తుంటే ఆశపడొద్దు, డిస్కే ఆపేస్తుంది. దాచే కాపీల్లో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజాము గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పంచుకునే కాపీ సంగతి చివరగా. కథలకు మోనో, 64 కేబీపీఎస్ (సెకనుకు 64 వేల బిట్లు) ఎంపీ3 చాలు, గంటకు 29 ఎంబీ లోపే. ఓపస్ అయితే అంతకంటే తక్కువలో అంతకంటే బాగుంటుంది, కానీ ఊళ్లో పెద్దవాళ్లు వినేది పెన్‌డ్రైవ్ పెట్టే చిన్న స్పీకర్ డబ్బాల్లో, వాటిలో ఎక్కువ భాగం ఎంపీ3 తప్ప ఇంకోటి ఎరగవు. బిట్‌రేట్ స్థిరంగా పెట్టండి, మారే బిట్‌రేటయితే కొన్ని డబ్బాలు నిడివి తప్పు చూపిస్తాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు ఫోల్డర్ను పట్టుకుని లాగి పడేయకండి. ఆ డబ్బాల్లో చాలావాటికి పేర్ల వరుస పట్టదు, ఫైళ్లు ఏ క్రమంలో రాశామో ఆ క్రమంలోనే ఆడతాయి. కాపీ చేయడం కూడా స్క్రిప్టుతోనే, నంబర్ల వరుసలో ఒక్కొక్కటిగా చేయిస్తే ఎనిమిదో భాగం తర్వాత తొమ్మిదో భాగమే వస్తుంది.